వరాలు తోమేసిన పులుపు కుండ

ఒట్టు. నా మీసం మీద ఒట్టేసి చెప్తున్నాను, ఈ కథ మీరు నమ్మరు. నమ్మకపోతే నాకేం నష్టం లేదు, నమ్మినోళ్ళకీ నమ్మనోళ్ళకీ ఒకటే కథ. ఒరేయ్, వెనకాల కూర్చుని పళ్ళికిలిస్తున్నోడా, ముందుకు రా. నువ్వైతే అసలు నమ్మవు.

అనగా అనగా, గోదారి ఇంకా పరికిణీ కట్టుకునే వయసులో ఉన్నప్పుడు, దాని గట్టు మీద కూతలపాడు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మనుషుల కంటే కోళ్ళు ఎక్కువ. అక్కడ పుంజు కూస్తేనే సూర్యుడు లేచేవాడు. పుంజుకి గొంతు పట్టేసిన రోజున మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకునేవాడు. ఆ కోళ్ళు మాట్లాడేవి కూడా. ఇప్పుడూ మాట్లాడతాయిలే, మీకే వినే తీరిక లేదు.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక ఇల్లాలు. ఆవిడ పెరట్లో ఇరవై కోళ్ళు. వంటింటి చూరు కింద, నీడపట్టున, ఒక నల్ల కుండ. దాన్ని పులుపు కుండ అనేవాళ్ళు.

అందులో ఏముండేదంటారా? జొన్నలు, చోళ్ళు, నూకలు, గుప్పెడు తవుడు. గింజల మీద రెండు వేళ్ళ ఎత్తున నీళ్ళు. మూతి మీద పల్చటి గుడ్డ, గాలాడేలా వదులుగా. పొద్దునా సాయంత్రం కర్రతో ఒకసారి కలపడం. అంతే. గింజలు లోపల పులిసి, పొంగి, బుడబుడమని బుడగలు వదిలేవి. మూత తీస్తే అట్ల పిండి పులిసిన వాసన, కమ్మగా. రోజూ కోళ్ళకి ఎంత తీస్తే అంత కొత్త గింజ వేసేది అచ్చియ్యమ్మ. పాత పులుపు నీళ్ళు మాత్రం ఎప్పుడూ కుండలో ఉండాల్సిందే. ఆ కుండ ఆవిడ తల్లి పెట్టింది. ఆ తల్లికి ఆవిడ తల్లి ఇచ్చిన చెంబుడు నీళ్ళతో మొదలెట్టింది.

ఆ మేత తిన్న కోళ్ళ సంగతి చెప్తే మీరు కొడతారు. తిండి తక్కువ, గుడ్డు పెద్దది. ఒకసారి ఒక గుడ్డు పగలగొట్టి అట్టు వేస్తే వీధంతా తినగా ఇంకా అంచు మిగిలిపోయింది. ఆ అంచు నేనే తిన్నాను, నాకు తెలీదా?

ఆ ఇంటికి కొత్త కోడలొచ్చింది. పేరు వరాలు. పాడి ఉన్న ఇంటి పిల్ల. పుట్టింట్లో పన్నెండు గేదెలు. పాడిళ్ళలో సంగతి మీకు తెలుసుగా, పాల కుండని రోజూ బూడిద పెట్టి తోమాలి, ఎండలో బోర్లించాలి, లోపల పొగ పట్టించాలి. ఏ మాత్రం పులుపు వాసన మిగిలినా మర్నాటి పాలు విరిగిపోతాయి. తోమని కుండంటే ఆ ఇంటి ఆడపిల్లకి తలకొట్టేసినట్టే. వరాలు అలా పెరిగింది.

వచ్చి నెల కాలేదు. అచ్చియ్యమ్మ కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. కొడుకు బండి కట్టాడు. అచ్చియ్యమ్మ బండెక్కుతూ వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, నాలుగో రోజుకి వచ్చేస్తాం. ఎర్రక్క పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. నాలుగు రోజుల్లో పిల్లలొస్తాయి. అది రోజుకి ఒక్కసారే లేస్తుంది, గుప్పెడు పులుపు మేత తింటుంది, మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. ఇంకేదీ ముట్టదు. దాన్ని మాత్రం చూసుకో."

"నేను చూసుకుంటానత్తా, మీరు నిశ్చింతగా వెళ్ళండి," అంది వరాలు.

ఎర్రక్కంటే పెట్టండీ. ఎర్ర పెట్ట. ముసలిది. ఆ ఏడు పొదగడమే దానికి ఆఖరని అచ్చియ్యమ్మకి తెలుసు, ఎర్రక్కకీ తెలుసు.

బండి మలుపు తిరగ్గానే వరాలు నడుం బిగించింది. అత్త వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలనుకుంది. అరుగులు అలికింది. గూళ్ళు దులిపింది. ఆఖరికి చూరు కింద నల్ల కుండ దగ్గరకొచ్చి మూత తీసింది. గుప్పుమంది.

"అయ్యో! మా అత్తకి పాపం, తోమి పెట్టేవాళ్ళే లేకపోయారు!" అనుకుంది ఆ పిచ్చిపిల్ల.

గింజలన్నీ ఒక్కపూటకే కోళ్ళకి వేసేసింది. కోళ్ళకి పండగే పండగ. పులుపు నీళ్ళు తీసుకెళ్ళి మునగ చెట్టు మొదట్లో పారబోసింది. (ఆ చెట్టుకి మర్నాడు కాసిన మునక్కాయల్ని ఊళ్ళోవాళ్ళు ఇంటి దూలాలకి వాడుకున్నారు, అది వేరే సంగతి.) కొబ్బరి పీచు, బూడిద పట్టుకుని కుండని తోమింది, తోమింది, తోమింది. ఎండలో బోర్లించింది. లోపల పొగ పట్టించింది. సాయంత్రానికి అది ఎర్రగా, పెళ్ళికూతురి బుగ్గలా మెరిసింది. అందులో కొత్త గింజలు పోసి, కొత్త నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి, "హమ్మయ్య" అనుకుంది.

మర్నాడు ఎర్రక్క గంపలోంచి దిగింది. మేత దగ్గరకొచ్చింది. వాసన చూసింది. తల ఎత్తి వరాలు మొహంలోకి చూసింది.

"ఏంటే కోడలా ఇది? నానబెట్టిన గింజలు. పులుపేదీ?"

"కుండ తోమానక్కా. శుభ్రంగా ఉంది, తిను."

"తోమావా?" ఎర్రక్క గొంతు సన్నబడిపోయింది. "బుడగలు కూడా తోమేశావా?"

అప్పుడు తెలిసింది వరాలికి, తను పారబోసింది మురికి కాదని. గబగబా చింతపండు పిసికి ఆ నీళ్ళలో కలిపింది. ఎర్రక్క ఒక గింజ నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

"చారు కాచావా? నేనేమన్నా పెళ్ళికొచ్చిన చుట్టాన్నా?" అంది. అని, నవ్వలేక, నెమ్మదిగా గంప ఎక్కి కూర్చుంది. "చూడు తల్లీ, నేను మొండిదాన్ని, ఒప్పుకుంటాను. కానీ పుట్టినప్పట్నుంచీ అదే తిన్నాను, నా గొంతు దిగేది అదొక్కటే. నా కడుపులో నిప్పుంటేనే గుడ్లకి వేడి. నిన్నటి తిండితో రేపు పొద్దున కోడి కూత దాకా కూర్చుంటాను. ఆ తర్వాత నా ఒళ్ళు చల్లబడితే, నేనేం చెయ్యను?"

వరాలు గంపలోకి చెయ్యి పెట్టింది. ఒక గుడ్డు లోపల్నుంచి, సన్నగా, టిక్కుమంది. పిల్ల ఉంది లోపల. వరాలు కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

కొత్తగా పులియబెడదామంటే మూడు రోజులు పడుతుంది. చేతిలో ఉన్నది ఒక్క రోజు. ఏం చెయ్యాలి?

పాడి ఇంటి పిల్ల కదండీ, అక్కడే కూర్చుని ఆలోచించింది. "మా ఇంట్లో పెరుగు అయిపోతే మా అమ్మ ఏం చేసేది? పక్కింటికి వెళ్ళి తోడు తెచ్చేది. గరిటెడు తోడుంటే కుండెడు పాలు రాత్రికి రాత్రి తోడుకునేవి. ఈ గింజలకీ తోడు ఉంటుంది. మా అత్త ఎవరికో ఒకరికి ఇచ్చే ఉంటుంది."

చెంబు పట్టుకుని ఊళ్ళోకి బయల్దేరింది.

మొదట గింజల కొట్టు గవర్రాజు దగ్గరకెళ్ళింది.

"మావయ్యా, మా అత్త నీకు ఎప్పుడైనా పులుపు నీళ్ళిచ్చిందా?"

"ఇచ్చింది. మీ కుండేమైంది?"

మన వరాలు అబద్ధం ఆడొచ్చు. పిల్లి దొర్లించిందనొచ్చు. నేనైతే ఏనుగొచ్చి తాగేసిందని చెప్పేవాణ్ణి. ఆ పిల్ల తల దించుకుని, "నేనే తోమేశాను," అంది.

గవర్రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తోమేశావా! ఓసి నీ శుభ్రం పాడుగానూ! అమ్మాయ్, ఊళ్ళో కోళ్ళన్నీ పులుపు మేత మరిగితే సగం గింజతో కడుపు నింపుకుంటాయి. ఇంక నా కొట్టుకెవడొస్తాడు? అందుకే నా జాడీకి వాసన కూడా బయటికి పోకుండా మట్టి మెత్తాను. ఇవ్వను గాక ఇవ్వను."

ఆ మాట అంటుండగానే కొట్టు మూల నుంచి గుడగుడగుడ అని వినపడింది. ఊపిరాడక జాడీ మూలుగుతోంది.

"మావయ్యా, ఆ మట్టి కాస్త తియ్యి. పులిసేదానికి గాలాడాలి," అంది వరాలు.

"నాకు చెప్తావా!" అని గవర్రాజు వెళ్ళి జాడీ మూత మీద కూర్చున్నాడు.

ఢాం!

మూత మీద గవర్రాజు, గవర్రాజు కింద మూత, ఇద్దరూ కప్పు చీల్చుకుని పైకి వెళ్ళారు. గవర్రాజు తాటి చెట్టు మట్టల్లో చిక్కుకున్నాడు. మూత ఇంకా కిందికి రాలేదు. రాత్రిపూట గుండ్రంగా, తెల్లగా పైన కనిపిస్తుందే, దాన్ని మీరు ఏదో అనుకుంటారు. సరే, మీ ఇష్టం. పులుపంతా ఆముదం పీపాలోనూ కారం బస్తాలోనూ పడి దేనికీ పనికి రాకుండా పోయింది.

వరాలు నిచ్చెన తెచ్చి ఆయన్ని దింపి, ఖాళీ చెంబుతో పెద్దింటికి వెళ్ళింది.

పెద్దింటి సుందరమ్మగారు ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉంది.

"దొడ్డమ్మగారూ, మా అత్త మీకు పులుపు నీళ్ళిచ్చిందా?"

"ఇవ్వకేం? అంత పాతది ఊళ్ళో ఇంకెవరింట్లో ఉంది? మా ఇంట్లో వెండి చెంబులో పెట్టాం. పసుపు కుంకుమ పెట్టి గూట్లో దాచాం. మీదేమైంది?"

"నేనే తోమేశానండీ."

"హవ్వ!" అని సుందరమ్మగారు బుగ్గ నొక్కుకుంది. "సరేలే, చిన్నపిల్లవి. ఒక గరిటెడు తీసుకో. చూడు, ఎంత భద్రంగా పెట్టానో!"

గూడు తెరిచింది. చెంబు తీసింది. పట్టుగుడ్డ విప్పింది. లోపల చుక్క నీరు లేదు. అడుగున నల్లటి బూజు, పిల్లి తోకంత పొడుగు.

"నేను ఒక్క గింజ కూడా వాడలేదే! ముట్టుకోను కూడా లేదే!" అని సుందరమ్మగారు తెల్లబోయింది.

వరాలు ఆ చెంబులోకి చూసి, జాలిగా, "ఆకలికి పోయిందండీ," అంది. "రోజూ నాలుగు గింజలు వేసి, నాలుగు తీస్తే బతికేది."

ఊరంతా తిరిగింది. అచ్చియ్యమ్మ దగ్గర తీసుకున్న వాళ్ళే తక్కువ. తీసుకున్న వాళ్ళు ఎప్పుడో మానేశారు. పొద్దు వాలిపోయింది. ఇంటికొచ్చి పెరట్లో కూలబడింది.

"ఒక్క ఇల్లు మిగిలింది," అంది గంపలోంచి ఎర్రక్క.

"ఏ ఇల్లు?"

"కంచె అవతలిది."

కంచె అవతల చెల్లాయమ్మ. మూడేళ్ళుగా ఆవిడకీ అచ్చియ్యమ్మకీ మాటల్లేవు. ఎందుకంటారా? ఇదిగో, ఈ ఎర్రక్క వల్లే. కంచె దూరి అవతల గడ్డివాములో గుడ్లు పెట్టింది. గుడ్లు మావంటే మావని ఇద్దరూ అరుచుకున్నారు. ఆ గొడవలో గుడ్లు కాస్తా మురిగిపోయాయి. అప్పట్నుంచీ ఒకళ్ళు పెరట్లోకొస్తే రెండోవాళ్ళు లోపలికి పోయేవాళ్ళు. వరాలు కాపరానికొచ్చిన రోజునే అత్త చెప్పింది, ఆ కంచె వైపు చూడొద్దని.

వరాలు గంప వైపు చూసింది. కంచె వైపు చూసింది. చెంబు పట్టుకుని కంచె దూరింది. చీర ముళ్ళకి పట్టుకుని చిరిగినా ఆగలేదు.

వెళ్ళేసరికి చెల్లాయమ్మ వాకిట్లో దీపం వెలిగించి అప్పుడే చెయ్యి తీస్తోంది.

"ఎవరే అది? అచ్చియ్యమ్మ కోడలివి కదూ? మీ అత్త పంపిందా తగువుకి?"

"లేదు పిన్నీ. మా అత్త ఊళ్ళో లేదు. నేనే వచ్చాను. పులుపు కుండ తోమేశాను. ఎర్రక్క ఇవాళ ఏమీ తినలేదు. రేపు పొద్దునకి ఒళ్ళు చల్లబడిపోతుందంటోంది. గుడ్లలో పిల్లలు కదుల్తున్నాయి. గరిటెడు తోడుంటే..." అని చెంబు ముందుకు చాపింది.

చెల్లాయమ్మ ఆ చెంబు వైపు చూసింది. తర్వాత అంది, "మీ అత్తతో మాట మానేశాను. అది ఇచ్చిన కుండ మానెయ్యలేదు. రోజూ కలుపుతున్నాను. అక్క కూతురికిచ్చాను, చాకిరేవు దగ్గర మంగమ్మకిచ్చాను, అడిగిన వాళ్ళందరికీ ఇచ్చాను."

వరాలు మొహం వెలిగింది.

"కానీ," అంది చెల్లాయమ్మ, వాకిట్లో దీపం వైపు చూస్తూ, "దీపాలు పెట్టాక ఇంట్లోంచి తోడు బయటికివ్వరు కదే. మా అత్త దగ్గర్నుంచీ వస్తున్న పద్ధతి. నేనేనాడూ తప్పలేదు. రేపు పొద్దున రా."

వరాలికి పాడి ఇంట్లో కూడా అదే పద్ధతి. ఎదురు చెప్పలేదు. చెంబు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, "అలాగే పిన్నీ," అని వెనక్కి తిరిగింది. కంచె దాకా వెళ్ళింది.

"ఏయ్ పిల్లా, ఆగు!"

వెనక్కి తిరిగి చూస్తే వాకిలి చీకటిగా ఉంది. చెల్లాయమ్మ దీపాన్ని కొండెక్కించేసింది.

"ఎక్కడా? మా ఇంట్లో దీపం ఇంకా పెట్టనే లేదు. నీకెక్కడన్నా కనపడుతోందా?" అంది. "రా, చెంబు పట్టు."

ఇప్పుడు చెప్పేది మీరు ఎలాగూ నమ్మరు. గోదారి అవతలికి దిగిపోతున్న సూర్యుడు ఆ మాట విన్నాడు. "అరె, ఇంకా దీపాలు పెట్టలేదా? నేనే తొందరపడ్డానా?" అని మూరెడు పైకి లేచి తొంగి చూశాడు. ఊరంతా మళ్ళీ బంగారంలా వెలిగింది. గూళ్ళకి చేరిన కాకులు తిట్టుకుంటూ మళ్ళీ బయటికొచ్చాయి. ఆ వెలుగులో చెల్లాయమ్మ గరిటెడు కాదు, చెంబు నిండా పులుపు నీళ్ళు పోసింది. చెంబు అంచు దాకా బుడగలు.

వరాలు ఇంటికొచ్చి ఆ నీళ్ళు గింజల్లో కలిపింది. మూతికి పల్చటి గుడ్డ వదులుగా కట్టింది. కుండకి చెవి ఆనించి కూర్చుంది. ఎప్పుడు నిద్రపోయిందో తెలీదు.

పుంజు గొంతు సవరించుకుంటుండగా బుడబుడమన్న చప్పుడికి మెలకువొచ్చింది. కుండ పొంగి గుడ్డని బుగ్గలా ఉబ్బించింది. అట్ల పిండి పులిసిన వాసన. వరాలు దోసిట్లో మేత పట్టుకుని గంప దగ్గరకి పరిగెత్తింది. ఎర్రక్క కళ్ళు మూసుకునే ఉంది. వాసన తగిలి ఒక కన్ను తెరిచింది. వరాలు దోసిట్లోంచే తింది. ఒక గింజ కింద పడనివ్వలేదు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది. "ఇంక అవతలికి పో, నాకు పనుంది."

నాలుగో రోజు బండొచ్చింది. అచ్చియ్యమ్మ దిగీ దిగగానే వరాలు ఎదురెళ్ళింది. కాళ్ళకి నీళ్ళు కూడా ఇవ్వలేదు.

"అత్తా, మీ అమ్మ ఇచ్చిన కుండ తోమేశాను. పులుపంతా పారబోశాను. నేనే. ఇంకెవరూ కాదు."

అచ్చియ్యమ్మ మొహం పాలిపోయింది. గబగబా చూరు కిందికి వెళ్ళి మూత తీసింది. బుడబుడ. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మళ్ళీ ముంచి మళ్ళీ నాకింది.

"ఇది మా అమ్మ పులుపే. ఎక్కడిదే ఇది?"

"కంచె అవతలిది," అంది వరాలు. చెల్లాయమ్మ దీపం సంగతి కూడా చెప్పింది.

అప్పుడే గంపలోంచి కిచకిచమని వినపడింది. ఎర్రక్క లేచి నిలబడింది. కింద పదకొండు పిల్లలు. పదకొండూ!

అచ్చియ్యమ్మ వాటిలో మూడింటిని కొంగులో పెట్టుకుంది. కంచె దూరదామని చూసింది, ఒళ్ళు పట్టలేదు. రెండు గుంజలు పీకేసి నడిచింది.

"ఏమే చెల్లాయీ! సందెవేళ వాకిట్లో దీపం ఆర్పుతావంటే! నీకు బుద్ధుందా?"

"నా దీపం, నా ఇష్టం. నువ్వెవరే వదినా అడగడానికి?"

"ఇదిగో, ఇవి పట్టు. మూడేళ్ళ కిందటి గుడ్లకి బదులు."

"అప్పుడు పెట్టింది నాలుగు గుడ్లు," అంది చెల్లాయమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగోది ఎగ్గొట్టాను. దానికోసం రోజూ వచ్చి తగువాడు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకి కంచెలో మిగిలిన గుంజలు కూడా పడిపోయాయి. ఆ కంచె మళ్ళీ ఎవరూ కట్టలేదు. ఆ కుండని వరాలు మళ్ళీ తోమలేదు గానీ, పొరుగూరి నుంచి ఎవరు చెంబు పట్టుకొచ్చినా కాదనకుండా పోసి పంపింది. కూతలపాట్లో మాత్రం ఇప్పటికీ సూర్యుడు దిగేముందు ఒకసారి ఆగి, చెల్లాయమ్మ వాకిలి వైపు చూసి గానీ పోడు.

ఏరా, ఇంకా నవ్వుతున్నావా? అయితే ఇంటికెళ్ళి నువ్వూ ఒక కుండ పెట్టు. గవర్రాజులా మట్టి మెత్తి చూడు, సుందరమ్మగారిలా గూట్లో దాచి చూడు. నీదంతా పోయిన రోజున నీకు తిరిగొచ్చేది నువ్వు పదిమందికీ పంచి పెట్టిందే. కాదని తేల్చగల మొనగాడివైతే కుండ పట్టుకుని రా, నేనిక్కడే కూర్చుంటాను!